మూడువేళ్ళక్క రాయించిన సీడీ

నాలుగో నంబరు ప్రెస్సు కింద ఆమె చెయ్యి ఇరుక్కున్నప్పుడు ఫోర్మన్ మొదట చేసిన పని ప్రెస్సు పైకి లేపడం కాదు. జాలీ బిగించడం.

అప్పటికి ఆమెకి పందొమ్మిదేళ్ళు. ఆ ఫ్యాక్టరీలో తలుపులకి వేసే బందులు చేస్తారు. ఇనప రేకు అచ్చు మీద పెట్టాలి, కాలితో మీట తొక్కాలి, పైనుంచి దిమ్మ దిగుతుంది, రేకు బందు అవుతుంది, తీసి బుట్టలో పడేయాలి. చేతికీ దిమ్మకీ మధ్య అడ్డంగా ఒక ఇనప జాలీ ఉండాలి. జాలీ ఉంటే గంటకి మూడొందల బందులు, తీసేస్తే ఐదొందలు. ఫోర్మన్‌కి ఐదొందలే కావాలి. అందుకని ఆ జాలీ ఎప్పుడూ అలిగిన అల్లుడిలా గోడకి చేరబడి ఉండేది.

ఆ రోజు దిగిన దిమ్మ మళ్ళీ లేవలేదు. ఆమె కుడిచేతి చిటికెనవేలూ, దాని పక్కవేలూ కింద ఉండిపోయాయి. ఆ అరుపుకి షెడ్డులో మిషన్లన్నీ ఆగాయి. ఫోర్మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి, గోడ దగ్గరి జాలీ ఎత్తి, దాని చోట నిలబెట్టి, జేబులోంచి పానా తీసి, నాలుగు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి బిగించాడు. ఎక్కడా తొందరపడలేదు. నాలుగోది కొంచెం మొరాయిస్తే విప్పి మళ్ళీ బిగించాడు. అంతా అయ్యాకే దిమ్మ లేపాడు. రెండు వేళ్ళూ రేకుకి అంటుకుని వచ్చాయి.

"పక్కదానితో కబుర్లాడుతూ జాలీ కిందనుంచి చెయ్యి దూర్చింది" అని రిజిస్టరులో రాసి, కింద ఆమె చేత ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నాడు. ఆమెకి సంతకం వచ్చు. సంతకం పెట్టే చెయ్యి గుడ్డల్లో ఉంది.

ఆ తర్వాత ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. మూడువేళ్ళక్క అయిపోయింది. ప్రెస్సు మీద పనికిరాదని స్టోరులో పడేశారు. షెడ్డులో కెమెరాలు పెట్టాక, వాటిని చూసే గదిలో కూర్చోబెట్టారు. ఎవరు ఎన్ని బందులు జేబులో వేసుకుపోతున్నారో చూడమని. దొంగలు జేబులో వేసుకునే సైజువాళ్ళే ఉంటారని ఓనర్ల నమ్మకం.

ఈ కథంతా మెకానిక్కుకి ఆమే చెప్పింది, టీ తాగుతూ, ఎవరి కథో చెబుతున్నట్టు. మెకానిక్కంటే ప్రెస్సులు బాగుచేసేవాడు కాదు, కంప్యూటర్లు. ముప్పై దాటిన మనిషి. నెలకోసారి బండి మీద వచ్చి, కెమెరా గదిలో దుమ్ము దులిపి, తీగలు సరిచేసి పోతుంటాడు. డబ్బిచ్చి కొనే సిస్టమ్ వద్దని ఓనరు పట్టుబడితే, యూనిక్స్ జాతిది, ఊరికే దొరికేది ఒకటి అతనే ఆ పాత మిషనులో ఎక్కించాడు. దానికి బొమ్మలూ బొత్తాలూ తక్కువ. నల్ల తెర మీద అక్షరాలు కొట్టి చెప్పాలి. ఫోర్మన్ దాన్ని చూసి, "ఇదేంట్రా, పిచ్చిరాతలు" అని ఇంకెప్పుడూ ముట్టుకోలేదు.

మూడువేళ్ళక్క ముట్టుకుంది. మిషనులోనే ఉండే సహాయం పేజీలు ప్రింటు తీసుకుంది. చిరిగిన డిక్షనరీ ఒకటి పక్కన పెట్టుకుని, ఎనిమిది వేళ్ళతో టకటకా కొడుతూ, ఆరు నెలల్లో మెకానిక్కుకి చెమటలు పట్టించే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. అతనికి అదంటే సరదాగానూ ఉండేది, భయంగానూ ఉండేది. మనం చెప్పింది నమ్మే మనిషి దగ్గర బతకడం తేలిక. పుస్తకం తెరిచి చూసుకునే మనిషి దగ్గర కష్టం.

ఒకరోజు ఓనరు సీడీ రైటరు బిగించమన్నాడు. దొంగతనం జరిగితే ఆ వీడియో సీడీలో రాసి పోలీసులకి ఇవ్వడానికి. మెకానిక్కు పెట్టె విప్పి రైటరు బిగించి, మిషను లేపాడు. అక్క కూర్చుని ప్రయత్నించింది.

"ఏం తమ్ముడూ, సీడీ పెడితే చదువుతోంది గాని రాయమంటే పర్మిషన్ లేదంటోంది. ఎవర్ని అడగాలట పర్మిషను, దీని మొగుణ్ణా?"

"మొగుణ్ణే అక్కా. దీని మొగుడి పేరు రూటు."

"బాగుంది. ఆడదానికైనా మిషనుకైనా ఒకటే గోల."

అతను నవ్వి, కుర్చీ లాక్కుని చెప్పాడు. ఈ జాతి సిస్టమ్‌లో ప్రతి పరికరమూ ఒక ఫైలే. ఆ ఫైలు మీద మూడు వాటాలు రాసి ఉంటాయి: యజమాని ఏం చేయొచ్చు, గుంపు ఏం చేయొచ్చు, తక్కిన లోకం ఏం చేయొచ్చు అని. యజమాని రూటు. అన్ని హక్కులూ అతనివే.

"తక్కిన లోకమంటే మనమేగా?"

"మనమే."

"మనకేం రాశారు?"

"చూడొచ్చు. ముట్టుకోకూడదు."

"కొత్తేముంది" అంది అక్క.

రైటరుకి అలాంటి ఫైళ్ళు రెండుంటాయని కూడా చెప్పాడు. ఒకటి వీధి గుమ్మం లాంటిది, సీడీ చదవడానికి. రెండోది పెరటి గుమ్మం. రాసే ప్రోగ్రాము రైటరుతో నేరుగా మాట్లాడేది ఆ పెరటి దారినే. వీధి తాళం ఇచ్చి పెరటి తాళం మర్చిపోతే సీడీ చదువుతుంది, రాయదు. రెండూ ఇవ్వాలి. నిన్నొక గుంపులో వేసి, ఆ గుంపుకి రెండు గుమ్మాలూ తెరవాలి, అంతే.

"అయితే తెరువు."

మెకానిక్కు వెంటనే తెరవలేదు. ఆ పొద్దున్నే ఓనరు ఫోన్ చేసి ఉన్నాడు. "రైటరు ఫోర్మన్ ఒక్కడికే పనిచేయాలి. ఆవిడ చేతుల్లోంచి సీడీలు బయటికి పోకూడదు. ఆడవాళ్ళు, ఏడుపుగొట్టు మనసులు" అన్నాడు. మెకానిక్కు సరే సార్ అన్నాడు. ఇప్పుడీమె ఎదురుగా కూర్చుని, టీ తెప్పించి, తెరువు తమ్ముడూ అంటోంది. కాదంటే ఎందుకు కాదో ఆ పేజీల్లో వెతుకుతుంది.

అప్పుడతను ఒక తెలివైన పని చేశాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా.

ఆ పరికరాల ఫైళ్ళు మామూలు ఫైళ్ళలా డిస్కు మీద పడి ఉండవు. మిషను లేచినప్పుడల్లా కొత్తగా పుడతాయి, పుట్టినప్పుడల్లా పాత హక్కులతోనే పుడతాయి. చేత్తో మార్చిన హక్కు మిషను ఆగేదాకానే బతుకుతుంది. ఎప్పటికీ ఉండాలంటే నిబంధనల ఫైల్లో రెండు లైన్లు రాయాలి. మెకానిక్కు రెండు గుమ్మాలూ చేత్తో తెరిచాడు. ఆ రెండు లైన్లూ రాయలేదు. ఆ మిషను నెలల తరబడి ఆగదు. ఎప్పుడో ఆగుతుంది, గుమ్మాలు వాటంతటవే మూసుకుంటాయి, ఎవరూ ఎవర్నీ అడగరు. ఓనరు మాటా దక్కింది, అక్క మాటా దక్కింది. ఇలాంటి తెలివి ఉన్నవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉద్యోగాలు పోగొట్టుకోరు.

అక్క ఒక సీడీ రాసి చూసుకుంది. మొదటిది చెడిపోయింది. షెడ్డులో ప్రెస్సు పడినప్పుడల్లా నేల అదురుతుంది, నేలతో బల్ల, బల్లతో రైటరు. ఆ రైటరు పాతరకం, రాస్తున్నప్పుడు కుదిపితే సీడీ చెత్తబుట్టలోకే. అందుకని భోజనాల బెల్లు కొట్టి ప్రెస్సులన్నీ ఆగాక ఇంకోటి రాసింది. అది వచ్చింది. వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నా చేత్తో రాసిన సంతకం" అంది. మెకానిక్కు మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

అక్క ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమే, ఆమె మరిదీ. మొగుడు పెళ్ళైన రెండో ఏడాదే ఎవర్తెనో వెంటబెట్టుకుని పోయాడు. మరిది పోలేదు. పదేళ్ళవాణ్ణి ఆమె పెంచింది. పెద్దవాడయ్యాక ఎక్కడా పని దొరక్కపోతే, ఫోర్మన్ దగ్గరికి తనే వెళ్ళి అడిగి, అదే షెడ్డులో పెట్టించింది. "వద్దు వదినా, నీ వేళ్ళు తిన్న చోటు" అని వాడన్నాడు. "తిన్నదిగా, ఇంక ఆకలుండదులే" అంది. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నోరు కొట్టుకుందో లెక్కలేదు.

ఫోర్మన్ అతన్ని నాలుగో నంబరు మీదే నిలబెట్టాడు.

ఒక శుక్రవారం పదకొండు గంటలకి మరిది కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఐదు నిమిషాల తర్వాత షెడ్డుకంతటికీ కరెంటు పోయింది. మెయిన్ స్విచ్చి ఫోర్మనే దించాడు. అది దించితే కెమెరా చూసింది కూడా పోతుందనుకున్నాడు. కరెంటు వచ్చాక మిషను లేచింది. డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉంది. రైటరు గుమ్మాలు మాత్రం మూసుకుపోయాయి.

మరిది తాగొచ్చి జాలీ కిందనుంచి చెయ్యి పెట్టాడని రిజిస్టరులో ఎక్కింది. లేబర్ ఆఫీసువాళ్ళు పది రోజుల తర్వాతి సోమవారానికి విచారణ పెట్టారు. తాగాడని తేలితే వైద్యమూ లేదు, పనీ లేదు, ఇంకే ఫ్యాక్టరీ గేటూ తియ్యదు. ఓనరు మాత్రం కంగారు పడలేదు. "ఏడు రోజులు దాటిన వీడియోని మిషనే చెరిపేస్తుంది. ఎవరూ తుడవొద్దు, తుడిచారని తెలిస్తే గొడవ. దానంతటదే పోతుంది" అన్నాడు. శుక్రవారం పదకొండింటికి పోతుంది. విచారణకి సరిగ్గా మూడు రోజుల ముందు.

అక్క ఆస్పత్రిలో మరిది పక్కన రెండు రోజులు ఉండి సోమవారం పనిలోకి వచ్చింది. గది తలుపు వేసుకుని ఆ ఐదు నిమిషాలూ చూసింది. సీడీ పెట్టింది, రాయమంది. పర్మిషన్ లేదంది. మళ్ళీ కొట్టింది. అదే మాట. మెకానిక్కుకి ఫోన్ చేసింది. సోమవారం చేసింది, మంగళవారం చేసింది, బుధవారం పదకొండుసార్లు చేసింది.

మెకానిక్కు ఎత్తలేదు. ఓనరు ఆదివారమే చెప్పాడు, "వారం రోజులు ఇటు రాకు" అని. ఫోన్ మోగుతున్నంతసేపూ దానివైపే చూస్తూ కూర్చునేవాడు. పెళ్ళాం వచ్చి, "ఎవరండీ అది, అప్పులవాడా?" అనడిగింది. అలాంటిదే అన్నాడు.

గురువారం పొద్దున అక్క కెమెరాల తీగ పీకేసి, ఆఫీసు గుమాస్తాకి "కెమెరాలు పోయాయి, దొంగలు పడితే నాకు సంబంధం లేదు" అని కేకేసి చెప్పింది. గుమాస్తాకి ఓనరు చెప్పిన సంగతి తెలియదు. అతనే మెకానిక్కుకి ఫోన్ చేశాడు. ఆఫీసు నంబరు చూసి మెకానిక్కు ఎత్తాడు. రానని చెప్పడానికి సాకు దొరకలేదు.

అతను వచ్చేసరికి భోజనాల బెల్లు కొడుతోంది. గదిలోకి అడుగు పెట్టగానే అక్క వెనకనుంచి తలుపు గడియ వేసింది.

"కూర్చో."

"అక్కా, ఫోన్ పాడైంది..."

"నీ ఫోన్ సంగతి నేనడిగానా? చూడు."

తెర మీద నాలుగో నంబరు. మరిది వంగి రేకు సర్దుతున్నాడు. జాలీ గోడకి ఉంది. ఫోర్మన్ వెనకనుంచి వచ్చాడు, ఏదో అన్నాడు, చేతిలో పానాతో మెడ మీద కొట్టాడు. గట్టిగానే కొట్టాడు, తల ముందుకి తూలింది, కాలు మీట మీద పడింది, దిమ్మ దిగింది. మరిది నోరు తెరుచుకుంది. కెమెరాకి చెవులు లేవు. ఫోర్మన్ అటూ ఇటూ చూసి, వెళ్ళి జాలీ ఎత్తి తెచ్చి, బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు.

"ఒకటి" అంది అక్క. "రెండు. మూడు. చూడు, చెయ్యి వణికిందా? ఇన్నేళ్ళొచ్చినా వణకలేదు వాడికి. నాలుగు."

మెకానిక్కు తెర మీంచి చూపు తిప్పుకున్నాడు.

"రేపు పదకొండింటికి ఇది పోతుంది. సీడీ రాయి."

"అక్కా, నాకు పెళ్ళాం పిల్లలున్నారు."

"నా మరిదికి చెయ్యుండేది."

అతను కూర్చున్నాడు. ధైర్యం వచ్చి కాదు. తలుపుకీ అతనికీ మధ్య ఆమె నిలబడి ఉంది, చేతిలో ఇనప స్టూలు ఉంది. రూటు పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాడు, మూడోసారికి పడింది. హక్కు మార్చాడు. సీడీ పెట్టి, రాయమన్నాడు. పర్మిషన్ లేదంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే. పదేళ్ళుగా చేస్తున్న పని, ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.

"పెరటి గుమ్మం" అంది అక్క వెనకనుంచి. "వీధి గుమ్మమొక్కటే తెరిచావు."

రెండోదీ తెరిచాడు. రైటరు గుర్రుమంది. తెర మీద అంకె కదిలింది: మూడొందల పది ఎంబీల్లో నాలుగు. ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఇంకో ఖాళీ సీడీ లేదు.

ఇరవై రెండో అంకె దగ్గర తలుపు మీద గుద్దు పడింది.

"ఏమే, లోపల ఎవరే? వాడి బండి గేటు దగ్గరుంది. తలుపు తియ్యి!"

"కెమెరా బాగుచేస్తున్నాడు. అన్నం తిని రా."

"తియ్యవే!"

"తియ్యను."

ఫోర్మన్ తన్నాడు. ఆ తలుపుకి ఉన్నవి ఆ ఫ్యాక్టరీలో చేసిన బందులే. జాలీ తీసేసి, గంటకి ఐదొందల చొప్పున కొట్టినవి. మూడో తన్నుకి పైది ఊడింది, నాలుగో తన్నుకి కిందిది. తలుపు పక్కకి ఒరిగింది. ఫోర్మన్ దాన్ని తోసుకుని లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, మెడ దున్నపోతు మెడ, చేతిలో పానా. తెర చూశాడు. అతనికి అక్షరాలు అర్థం కాలేదు గాని, గుర్రుమంటున్న రైటరు అర్థమైంది.

"ఏరా కంప్యూటరూ, ఏం చేస్తున్నావురా ఆ పెట్టెతో?"

తెర మీద అరవై ఒకటి.

ఫోర్మన్ ముందుకి వేసిన అడుగు పడకముందే స్టూలు అతని మోకాలి మీద పడింది. ఎముక చప్పుడైంది. అతను కుంటుతూ తిరిగి, పానా విసిరినట్టుగా ఊపాడు. అది అక్క భుజానికి తగిలింది. ఆమె గోడకి కొట్టుకుని, అదే ఊపులో మళ్ళీ వచ్చి అతని మీద పడింది. గోళ్ళతో మొహం పట్టుకుంది. ఇద్దరూ బల్ల అంచుకి తగిలారు. బల్ల అదిరింది.

మెకానిక్కు రెండు చేతులూ బల్ల మీద వేసి, ఛాతీ ఆనించి, బరువంతా పెట్టి అదిమాడు. వీపు వాళ్ళవైపు, మొహం తెరవైపు. రైటరు ఒక్క క్షణం వెక్కినట్టు ఆగింది, మళ్ళీ అందుకుంది. తొంభై ఎనిమిది.

అక్కడినుంచి ఏం జరిగిందో అతను చూడలేదు. విన్నాడు. మాంసం మీద ఇనుము పడితే పెద్ద చప్పుడు రాదు, తడిబట్ట బండకేసి కొట్టినట్టు ఉంటుంది. ఆ చప్పుడు లెక్కపెట్టకూడదనుకున్నాడు, అయినా లెక్కపెట్టాడు. ఫోర్మన్ తిట్టే తిట్లు వినిపించాయి, నీయమ్మా అనీ, చస్తావే అనీ, వదలవే అనీ. అక్క తిట్టలేదు, అరవలేదు. ఊపిరి మాత్రం వినిపించేది, ఈదేవాళ్ళ ఊపిరిలాగా. ఒకసారి అతని కాలికి ఏదో తగిలింది. కిందికి చూస్తే పన్ను. మళ్ళీ తెరవైపు చూశాడు. నూట డెబ్భై.

తిరిగి రెండడుగులు వేస్తే ఫోర్మన్ మెడ అందుతుంది. చేతులు తీస్తే బల్ల కదులుతుంది. రెండూ తెలుసు. చేతులు తియ్యలేదు. బల్ల కోసం తియ్యలేదా, భయానికి తియ్యలేదా అన్నది మాత్రం అప్పుడూ తెలియదు, తర్వాతా తెలియలేదు.

గుమ్మం దగ్గర జనం చేరారు. అన్నం చేతులతోనే వచ్చారు. "అయ్యో, ఆపండ్రా" అని ఒకడన్నాడు, ఆపమన్నవాడు ఆపలేదు. రెండొందల నలభై. రెండొందల తొంభై. ఫోర్మన్ ఒక కాలు బల్ల వైపు ఈడ్చాడు. రెండో కాలు రాలేదు. ఆ పిక్కలో అక్క పళ్ళు దిగి ఉన్నాయి. అతను ఆమె వీపు మీద పానాతో కొడుతున్నాడు, ఆమె వదలడం లేదు.

మూడొందల పది. రైటరు నోరు తెరిచింది.

సీడీ వేడిగా ఉంది. మెకానిక్కు చొక్కా కింద కడుపుకి ఆనించి పెట్టుకున్నాడు. ఫోర్మన్ చొక్కా పట్టుకున్నాడు, చొక్కా చిరిగింది. మెకానిక్కు ఇద్దర్నీ దాటుకుని, జనాన్ని తోసుకుని, బండి దాకా పరిగెత్తాడు. దాటేటప్పుడు అతని చెప్పు అక్క జడ మీద పడింది. ఆగి ఒక్క మాటైనా అనలేదు. నేరుగా లేబర్ ఆఫీసుకి పోయి, సీడీ బల్ల మీద పెట్టి, రసీదు రాయించుకుని, అక్కడి మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు.

సోమవారం విచారణలో అధికారి ఆ ఐదు నిమిషాలూ రెండుసార్లు చూశాడు. రెండోసారి జాలీ దగ్గర ఆపి, ఓనరు మొహం కేసి చూశాడు. తాగుడు మాట కొట్టేశారు. మరిది వైద్యమంతా ఫ్యాక్టరీ భరించాలన్నారు, వేరే పనిలో తీసుకోవాలన్నారు. నాలుగో నంబరుకి సీలు వేశారు. ఫోర్మన్‌ని పోలీసులు ఆస్పత్రినుంచే తీసుకుపోయారు. పిక్క గాయం కుళ్ళి అతను చాలారోజులు కుంటాడని తర్వాత ఎవరో చెప్పారు. మెకానిక్కుకి ఆ ఫ్యాక్టరీ పని పోయింది, ఓనరు స్నేహితుల ఫ్యాక్టరీలు మరో మూడు పోయాయి. అతను అనుకున్నంత కష్టమేం అనిపించలేదు.

అక్కకి మెడ ఎముక విరిగింది, మూడు పక్కటెముకలు విరిగాయి, ఎడమకన్ను సగమే కనిపిస్తోంది. నెలన్నర తర్వాత ఇంటికి తెచ్చారు. అప్పటిదాకా మెకానిక్కు చూడ్డానికి వెళ్ళలేదు. వెళ్ళాలని రోజూ బండి తీసేవాడు, సందు చివర్లో తిప్పుకుని వచ్చేసేవాడు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాడు.

మేడ మీద రెండు గదులు. మరిది తలుపు తీశాడు, ఎడమచేత్తో. కుడివైపు చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టి ఉంది.

"రండన్నా. వదినా, కంప్యూటరన్న వచ్చాడు. కూర్చోండి, టీ పెడతాను. భయపడకండి, ఈ ఇంట్లో ఇద్దరికీ కలిపి పదమూడు వేళ్ళున్నాయి, టీకి సరిపోతాయి."

"వాగకుండా వెళ్ళరా" అంది అక్క మంచం మీదనుంచి. మెడకి పట్టీ వేసి, దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. ముందు పళ్ళు రెండు లేవు. మాటలోంచి గాలి పోతోంది. మొహం ఇంకా పసుప్పచ్చగా, అక్కడక్కడా నల్లగా ఉంది.

మెకానిక్కు కుర్చీ అంచున కూర్చున్నాడు. దారంతా కూడబలుక్కున్న మాట ఒకటుంది. అది చెప్పేశాడు. ఆ రోజు రైటరు గుమ్మాలు చేత్తో తెరిచాను గాని, ఆ రెండు లైన్లూ కావాలనే రాయలేదక్కా. ఓనరు వద్దన్నాడు. నీకూ చెప్పలేదు. రాసుంటే ఆ సోమవారమే నువ్వు సీడీ రాసుకునేదానివి. ఇదంతా ఉండేది కాదు.

"ఆ సోమవారమే తెలిసింది నాకు. పేజీలో రాసే ఉంది."

"తెలిసీ ఏమీ అనలేదేం?"

"అంటే వచ్చేవాడివా?"

వంటగదిలో గిన్నె కింద పడ్డ చప్పుడు. ఏం కాలేదు, ఏం కాలేదు అని మరిది అరిచాడు. అక్క కాసేపు అటు విని, మళ్ళీ ఇటు తిరిగింది. మెడ తిరగదు, ఒళ్ళంతా తిప్పాలి.

"తమ్ముడూ, ఒకటడుగుతాను. వాడు నన్ను కొడుతున్నంతసేపూ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశావా?"

"లేదక్కా. బల్ల..."

"బల్ల సంగతి నాకు తెలుసు. నువ్వు బల్ల వదిలేసి నాకడ్డం వచ్చుంటే, ఇవాళ లోపల టీ పెడుతున్నవాడు తాగుబోతు కిందే లెక్క. పని బాగా చేశావు. ఎవరడిగినా ఇదే చెబుతాను, కోర్టులో అడిగినా ఇదే చెబుతాను."

అతనికి ఏడుపొచ్చింది. లేచి నిలబడ్డాడు.

"కూర్చో, టీ తాగు. వాడు కష్టపడి పెడుతున్నాడు" అంది అక్క. "తాగాక మాత్రం వెళ్ళిపో, మళ్ళీ రాకు. ఎనిమిది నిమిషాలు నేను నీ వీపే చూశాను తమ్ముడూ. ఇంకోసారి చూడలేను. నువ్వు లేచేటప్పుడు చెప్పు, నేను కళ్ళు మూసుకుంటాను. అప్పుడు వెళ్ళు."